కొత్తలో పాతదనిపించుకున్న 1957 షెవర్లే ఇవాళ క్లాసిక్ ఎలా అయింది?

వుడ్‌వర్డ్ వాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా డెట్రాయిట్ శివార్లలో ఉంటున్నాను. ఉద్యోగం కార్ల రంగంలోనే అయినా నా పని బ్రేకుల కంప్యూటరుకు సాఫ్ట్‌వేర్ రాయడం కాబట్టి, పాత కార్ల గురించి నాకున్న జ్ఞానమంతా ఏటా ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద జరిగే డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల ఊరేగింపులో రోడ్డు పక్కన కుర్చీ వేసుకుని చూసి సంపాదించినదే.

మా వీధిలో ఒక పెద్దాయన దగ్గర 1957 నాటి షెవర్లే బెల్ ఎయిర్ ఉంది. కింద నెమలికంఠం రంగు, పైకప్పు మాత్రం దంతపు తెలుపు. ఆ తెలుపుకు కంపెనీ పెట్టిన పేరు ‘ఇండియా ఐవరీ’ అని, నన్ను చూసినప్పుడల్లా కొత్తగా చెబుతున్నట్టే ఆయన చెబుతుంటారు. పోయిన వేసవిలో ఒకరోజు పెట్రోలు బంకులో ఆయన వెనకే నా కారు ఆగింది. పెట్రోలు ట్యాంకు మూత ఎక్కడుందో నాకు కనిపించలేదు. ఆయన తాపీగా దిగి, ఎడమవైపు తోక రెక్క చివరన నిలువుగా ఉన్న మెరుగు పట్టీని వేలితో లాగితే అది చిన్న తలుపులా తెరుచుకుంది. మూత దాని వెనక దాక్కుని ఉంది. దాదాపు 70 ఏళ్ల కిందట ఎవరో ఒక ఇంజినీరు, మామూలు జనం కొనుక్కునే కారులో ఆ మూత కంటబడకూడదని ఇంత శ్రమ పడ్డాడా అనిపించి, ఆ సాయంత్రమే ఈ కారు చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

చదివినకొద్దీ ఒక విషయం అర్థం కాకుండా పోయింది. 1957లో ఈ కారు కొత్తగా ఏమీ లేదని చాలామంది పెదవి విరిచారట. ఆ మోడల్ సంవత్సరంలో ఫోర్డు దీనికంటే ఎక్కువ అమ్ముడుపోయింది. చూసినవాళ్లను నిజంగా అబ్బురపరిచింది ఆ ఏటి ప్లిమత్. ‘ఉన్నట్టుండి 1960 వచ్చేసింది’ అన్న అర్థంలో దాని ప్రకటనలు వచ్చాయి. కానీ ఇవాళ వుడ్‌వర్డ్ మీద బెల్ ఎయిర్లు వరుసకట్టి కనిపిస్తాయి, ఆ ఏటి ప్లిమత్‌లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని కూడా కనబడవు. ఈ తారుమారు ఎలా జరిగింది? అందం వల్లనా, ఇంజిను వల్లనా, లేక ఇదంతా పెద్దవాళ్లు తమ పడుచుతనాన్ని తలుచుకోవడం తప్ప మరేమీ కాదా? అసలు నేల మీద నడిచే కారుకు రెక్కలెందుకు వచ్చాయి? తెలిసినవారు కొంచెం వివరంగా చెప్పగలరు.

మట్టి నమూనా:

రెక్కల సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే దాని మొదలు మీకు గంటలోపు దూరంలోనే ఉంది. డెట్రాయిట్‌కు ఈశాన్యంగా మౌంట్ క్లెమెన్స్ దగ్గర సెల్ఫ్‌రిడ్జ్ వైమానిక స్థావరం ఉంది కదా. అమెరికా రెండో ప్రపంచయుద్ధంలోకి దిగకముందు జనరల్ మోటార్స్ డిజైన్ విభాగం అధిపతి హార్లీ ఎర్ల్ తన మనుషులను అక్కడికి తీసుకెళ్లి, అప్పటికి రహస్యంగా ఉన్న లాక్‌హీడ్ పీ-38 యుద్ధవిమానాన్ని దూరం నుంచి చూపించాడు. రెండు తోకల ఆ విమానం వాళ్ల కళ్లలో నిలిచిపోయింది. యుద్ధం ముగిశాక 1948 కాడిలాక్ వెనక మడ్గార్డుల మీద, బ్రేకు లైటును మోసే చిన్న గుండ్రటి ఉబ్బుగా ఆ తోక తేలింది. మీరు చూసిన ఆ దొంగ మూత కూడా ఆ ఇంటిదే: కాడిలాక్ 1941 నుంచే ఎడమవైపు వెనక లైటును పైకెత్తితే దాని కింద పెట్రోలు మూత ఉండేలా చేసింది.

ఎర్ల్ ఇంజినీరు కాడు. లాస్ ఏంజలెస్‌లో తండ్రి బండ్ల కార్ఖానాలో పెరిగి, హాలీవుడ్ తారలకు కోరిన రీతిలో కారు బాడీలు కట్టించి ఇచ్చినవాడు. రేకు జోలికి పోకముందే నిలువెత్తు మట్టి నమూనా చేసి, దాని చుట్టూ తిరిగి చూసి తీర్మానించే పద్ధతిని డెట్రాయిట్‌లో స్థిరపరిచింది ఆయనే. నా పేరు అక్కడి నుంచే తీసుకున్నాను. 1927 మోడల్ లాసాల్ కారుకు ఆకృతి ఇచ్చింది ఆయనే; జనరల్ మోటార్స్ అధినేత ఆల్‌ఫ్రెడ్ స్లోన్ అదే ఏడు ఆయన కోసం ఒక ప్రత్యేక విభాగాన్నే పెట్టాడు.

ఆ విభాగం ఎందుకు అవసరమైందో చూడాలంటే ఫోర్డు మోడల్ టీ దగ్గరికి వెళ్లాలి. 1908 నుంచి 1927 దాకా కోటీ యాభై లక్షల మోడల్ టీలు తయారయ్యాయి. అందులో 1914 నుంచి 1925 వరకు నలుపు తప్ప మరో రంగు దొరకలేదు. హెన్రీ ఫోర్డు లెక్కలో కారు అంటే నాగలి వంటి పనిముట్టు, ఒకసారి కొంటే పాడయ్యేదాకా వాడుకోవలసిన వస్తువు. కారు కావాలనుకున్న ఇళ్లలో చాలా వాటికి కారు వచ్చేసిన తరవాత స్లోన్‌కు ఎదురైన సమస్య వేరు: బాగా నడుస్తున్న కారు ఉన్నవాడి చేత ఇంకో కారు కొనిపించడం ఎలా? దానికి ఆయన కనిపెట్టిన ఉపాయం ఏటేటా మారే మోడల్. లోపలి యంత్రం అంతగా మారకపోయినా ముందరి జాలీ, బంపరు, రంగులు మారతాయి. దానికి తోడు షెవర్లే, పాంటియాక్, ఓల్డ్స్‌మొబీల్, బ్యూక్, కాడిలాక్ అంటూ ఐదు మెట్ల నిచ్చెన ఉండనే ఉంది. జీతం పెరిగినప్పుడల్లా ఒక మెట్టు ఎక్కమని, ఎక్కలేనివాడికి పై మెట్టు సొగసు కొన్నేళ్లకు కిందికి దించి ఇస్తామని ఆ నిచ్చెన చెప్పేది. కాడిలాక్ మీద 1948లో మొలిచిన రెక్క షెవర్లే మీద నిఖార్సుగా కనబడడానికి తొమ్మిదేళ్లు పట్టింది. అదే మీ పెద్దాయన కారు.

1957లో షెవర్లేకు పూర్తిగా కొత్త బాడీ రావలసింది. అది ఆలస్యమై 1958కి జరిగిపోవడంతో, 1955లో వచ్చిన బాడీనే మూడో ఏడు కూడా నెట్టుకు రావలసి వచ్చింది. కనుక డిజైనర్లు ఉన్నదానికే ముస్తాబు చేశారు: వెనక రెక్కలు పెట్టారు, కారు కిందికి వంగినట్టు కనబడేందుకు చక్రాలను 15 అంగుళాల నుంచి 14కు తగ్గించారు, లోపలికి గాలి వెళ్లే దారిని హెడ్‌లైట్ల పైకి మార్చారు. ఈసారి చూసినప్పుడు హెడ్‌లైటు మీద కనురెప్పలా ఉన్న చోట జల్లెడలాంటిది గమనించండి, గాలి అక్కడి నుంచే వెళుతుంది. ఇంతలో ప్లిమత్‌లను తయారుచేసే క్రైస్లర్‌లో డిజైనర్ వర్జిల్ ఎక్స్‌నర్ పొడవైన, పలచటి, నేలకు ఒదిగిన కార్లతో జనరల్ మోటార్స్‌ను ఒక్క దెబ్బలో ముసలిదాన్ని చేశాడు. ఆ ఉలికిపాటులోంచి పుట్టిందే 1959 కాడిలాక్, ఎర్రటి తూటాల వంటి జంట లైట్లతో రెక్కల చరిత్రలోకెల్లా ఎత్తైన రెక్క. అక్కడి నుంచి ఏటికేడు తగ్గుతూ వచ్చి 1965కల్లా కాడిలాక్ మీద కూడా మాయమయ్యాయి. గాలిలో కారు నిలకడకు రెక్కలు పనికొస్తాయని ఎక్స్‌నర్ వాదించేవాడు గాని, జనం వాటిని కొన్నది నిలకడ కోసమని నేను నమ్మను.

నా మటుకు నాకు 1957 బెల్ ఎయిర్ నిలిచిపోవడానికి కారణం ఆ పాత బాడీయే. దాని కొలతలు సమంగా ఉన్నాయి, రెక్క దాని మీద నగలా కూర్చుంది. 1958 తరవాతి కార్లలో నగలే కనిపిస్తాయి, మనిషి కనబడడు.

పాత షెడ్డు:

పైన రాసినవారి చరిత్రతో నాకు పేచీ లేదు, చివరి పేరాతో మాత్రం ఉంది. అందమే కారణమైతే 1957 ప్లిమత్ ఈపాటికి గుళ్లో ఉండాలి. నేను ఒహాయోలో ఇరవై ఏళ్లుగా సెలవు రోజుల్లో పాత కార్ల పని చేస్తున్నాను, ఇంట్లో ఒక 1956 షెవర్లే ఉంది. నా అనుభవంలో ఒక కారును క్లాసిక్ చేసేది దాన్ని గీసినవాడు కాదు, షోరూములో కొన్న మొదటి యజమాని కూడా కాదు. సెకండ్ హ్యాండ్‌లో, మూడో చేతిలో కొన్న కుర్రవాడు.

ముందు ప్లిమత్‌లు ఏమయ్యాయో చూడండి. ఆ అందమైన కార్లను క్రైస్లర్ తొందరపెట్టి బయటికి తెచ్చింది. అతుకుల దగ్గర నీళ్లు కారేవి, రేకు తొందరగా తుప్పు పట్టేది. మిషిగన్, ఒహాయోల్లో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు చేరిన చోట ఎంత మంచి రేకైనా లోపలి నుంచి గుల్లబారుతుంది, ఇక అతుకు సరిగా లేని రేకు సంగతి చెప్పనక్కరలేదు. కనుక ఆ కార్లలో ఎక్కువ భాగం ఎవరి మనసులోనూ జ్ఞాపకంగా స్థిరపడకముందే స్క్రాపుకు వెళ్లిపోయాయి. షెవర్లేది మూడేళ్లు నలిగిన బాడీ కాబట్టి అప్పటికి లోపాలు సర్దుకున్నాయి. కొత్తలో దానికి మచ్చ అనుకున్నదే తరవాత దాని ఆయుష్షు అయింది. షెవర్లేలకు మాత్రం తుప్పు పట్టదని అనుకోకండి, నా 56కు నేల రేకు మొత్తం మార్చాను.

రెండోది ఇంజిను. 1955లో చీఫ్ ఇంజినీరు ఎడ్ కోల్ ఆధ్వర్యంలో షెవర్లే 265 ఘనపు అంగుళాల వీ-8ను (ఎనిమిది సిలిండర్లు ‘వీ’ ఆకారంలో ఉండే ఇంజినును) తెచ్చింది, మన లెక్కలో 4.3 లీటర్లు. గోడలు పలచగా పోతపోసిన బ్లాకు, పోత లేకుండా రేకును అచ్చుకొట్టి చేసిన రాకర్ ఆర్ములు (వాల్వులను తెరిచే చిన్న మీటలు), చిన్న కొలతలు, తక్కువ బరువు. 1957కి అదే 283 ఘనపు అంగుళాలకు పెరిగింది, పెట్రోలు ఇంజెక్షనుతో కొన్నవారికి సరిగ్గా 283 హార్స్‌పవర్ ఇచ్చింది. ఆ కుటుంబానికి చెందిన ఇంజిన్లు 2011 నాటికి పది కోట్లు తయారయ్యాయంటే ఆ మొదటి గీత ఎంత బలంగా పడిందో ఊహించుకోవచ్చు.

అంతకుముందు వేగం పిచ్చి ఉన్న కుర్రవాళ్లంతా ఫోర్డు మనుషులు. 1932లో ఫోర్డు సామాన్యుడి ధరలో 65 హార్స్‌పవర్ వీ-8 ఇచ్చింది. ఆ పాత ఫోర్డులనే కొని, మడ్గార్డులు ఊడదీసి, ఇంజిను గీకి, కాలిఫోర్నియాలో ఎండిపోయిన సరస్సుల మీద పరుగెత్తించేవారు. అలా మార్చిన కార్లనే హాట్ రాడ్‌లు అంటారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులతో ఆ గుంపు ఇంకా పెరిగింది, 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ (ఎన్‌హెచ్‌ఆర్‌ఏ) పుట్టి ఆ పందేలకు ఒక పద్ధతి వచ్చింది. జనరల్ మోటార్స్‌లో అప్పుడే చేరిన జోరా ఆర్కస్-డంటవ్ అనే ఇంజినీరు 1953 డిసెంబరులో పైవాళ్లకు ఒక లేఖ రాశాడు. హాట్ రాడ్ కుర్రవాళ్లు చదివే పత్రికల నిండా ఫోర్డే ఉందని, వాళ్లు వయసు పెరిగినకొద్దీ ఫోర్డులే కొంటారని, వాళ్లను తిప్పుకోవాలంటే ఇంజినుతో పాటు వేగం పెంచే విడిభాగాలు కూడా కంపెనీయే అందివ్వాలని దాని సారాంశం. కార్ల కంపెనీలో ఎవరైనా అంత దూరం చూసి రాసిన ఉత్తరం నాకు ఇంకోటి తెలియదు.

ఇప్పుడు 1965కు రండి. 1957 బెల్ ఎయిర్‌కు ఎనిమిదేళ్లు నిండాయి. మొదటి యజమాని ఆ నిచ్చెన మీద పైమెట్టుకు వెళ్లి దీన్ని వదిలించుకున్నాడు. పెట్రోలు బంకులో పనిచేసే పద్దెనిమిదేళ్లవాడి చేతికి అందే ధరకు అది సెకండ్ హ్యాండ్ కార్ల స్థలంలో ఎండకు నిలబడి ఉంది. బానెట్ ఎత్తితే ఇంజిను చుట్టూ మనిషి దిగి నిలబడేంత చోటు. తరవాతి ఏళ్లలో వచ్చిన పెద్ద షెవర్లే ఇంజిన్లు, 327 గాని 350 గాని, ఆ కుటుంబమే కాబట్టి పెద్ద తంటా లేకుండా అందులో కూర్చుంటాయి. స్పానర్ల పెట్టె, ఒక చెట్టు కొమ్మ, గొలుసు ఉంటే చాలు. అప్పటి కుర్రవాళ్లు రిటైరయ్యే వయసుకు వచ్చి, చేతిలో డబ్బు ఆడినప్పుడు కొన్నవి ఈ కార్లే. ఆ గిరాకీ వల్ల ఇవాళ దీనికి దొరకని భాగం లేదు. కొత్త రేకుతో అచ్చుకొట్టిన మొత్తం బాడీ కూడా అమ్ముతున్నారు. ప్లిమత్ ఉన్నవాడు ఒక్క తలుపు పిడి కోసం రాష్ట్రాలు తిరగాలి.

మీ పెద్దాయన కారులో ఏముందో తెలుసుకోవడానికి ఒక గుర్తు చెబుతాను. బానెట్ మీద షెవర్లే పేరు కింద వెడల్పాటి ‘వీ’ ఆకారం ఉంటే ఫ్యాక్టరీ నుంచి వీ-8తో వచ్చిందని, పేరు ఒక్కటే ఉంటే ఆరు సిలిండర్లదని అర్థం. బెల్ ఎయిర్‌లో ఆ ‘వీ’ బంగారు రంగులో ఉంటుంది.

సీటు బెల్టు:

అభిమానం మంచిదే గాని, వుడ్‌వర్డ్ వాసి గారు బ్రేకుల మనిషి కాబట్టి ఇది కూడా ఇక్కడ రాయాలి. ఆ కారులో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, వాటన్నిటికీ కలిపి ఒకటే మాస్టర్ సిలిండర్ (పెడలు నొక్కితే బ్రేకు నూనెను చక్రాలకు తోసేది). ఒక్క గొట్టం పగిలితే నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. స్టీరింగు కడ్డీ, ఢీకొన్నప్పుడు ముడుచుకునే వీలు లేకుండా, నిటారుగా డ్రైవరు గుండెకు గురిపెట్టి ఉంటుంది. సీటు బెల్టు అదనంగా డబ్బు కట్టినవారికే. అన్ని కొత్త కార్లలో ఉండి తీరాలన్న కేంద్ర నిబంధన 1968లో గాని రాలేదు.

‘పాత కార్లు బండ ఇనుము, ఢీకొంటే కొత్త కారే నుజ్జవుతుంది’ అని నమ్మేవారు మనవాళ్లలోనూ ఉన్నారు. 2009లో అమెరికా బీమా సంస్థల భద్రతా పరిశోధన కేంద్రం ఒక 1959 బెల్ ఎయిర్‌ను, ఒక 2009 మాలిబూను గంటకు 40 మైళ్ల వేగంతో ఎదురెదురుగా ఢీకొట్టించింది. రెండూ షెవర్లేలే. మాలిబూలో డ్రైవరు కూర్చునే గూడు చెక్కుచెదరలేదు, బొమ్మ డ్రైవరుకు కాలి దెబ్బతో సరిపోయేది. బెల్ ఎయిర్‌లో ఆ గూడే కుప్పకూలింది. మీ పెద్దాయన కారు దానికి రెండేళ్ల ముందుది, కింది ఫ్రేము కూడా వేరు, కాని సీటు బెల్టు లేకుండా అందులో కూర్చునేవారికి ఆ తేడా ఏమంత భరోసా ఇవ్వదు. ఆయన పక్క సీటులో మిమ్మల్ని తీసుకువెళతానంటే తప్పక వెళ్లండి, ఫ్రీవే మీదికి మాత్రం వద్దనండి.

మోజంజాహి:

నేను హైదరాబాద్ నుంచి రాస్తున్నాను. ‘రెండో చేతి’ వాదన నాకు నచ్చింది, ఎందుకంటే అది ఇక్కడ తిరగబడి కనిపిస్తుంది. అమెరికన్ కార్లు మనకు కొత్త కావు. ఫోర్డు 1926లో భారతదేశపు కార్యకలాపాలు మొదలుపెట్టింది, జనరల్ మోటార్స్ 1928లో బొంబాయి శివ్‌డీలో మొదలుపెట్టింది. వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ కంపెనీ 1947 నుంచి కుర్లాలో క్రైస్లర్ వారి డాడ్జ్, ప్లిమత్, డిసోటో కార్లను బిగించింది. ఇక్కడే తయారుచేసే ఉద్దేశం లేనివారు ఉండనక్కరలేదని ప్రభుత్వం తేల్చడంతో 1950ల మధ్యకు ఫోర్డు, జనరల్ మోటార్స్ రెండూ వెళ్లిపోయాయి. కనుక 1957 బెల్ ఎయిర్ మన దేశంలో బిగించిన కారు కాదు. వచ్చినవి విడిగా దిగుమతి అయినవే. పెట్రోలు బంకు కుర్రవాడి చేతికి అది ఏనాడూ రాలేదు. అందుకే ఇక్కడ వింటేజ్ కారు అంటే ఇప్పటికీ నవాబులు, జమీందార్లు, సినిమావాళ్ల మాట.

క్యూబాలో ఇది మరోలా జరిగింది. 1959 విప్లవం తరవాత కొద్ది కాలానికే అమెరికా నుంచి కొత్త కార్లు, విడిభాగాలు ఆగిపోయాయి. హవానా వీధుల్లో ఇవాళ తిరిగే బెల్ ఎయిర్ల బానెట్ కింద చాలావాటిలో సోవియట్ కారు ఇంజినో, ఏదో డీజిల్ ఇంజినో ఉంటుంది. వాటిని మోజుతో నిలబెట్టలేదు, మరోటి దొరకక నిలబెట్టుకున్నారు.

ఇక్కడెవరైనా కొనే ఆలోచనలో ఉంటే ఒక మాట: 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపు చెడగొట్టకుండా ఉన్న వాహనాన్నే వింటేజ్‌గా నమోదు చేస్తారు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. కొత్త నమోదుకు 20,000 రూపాయలు. రోజూ ఆఫీసుకు వేసుకెళ్లడానికి కుదరదు. ప్రదర్శనకో ర్యాలీకో, లేదా పెట్రోలు పోయించి మరమ్మతు చేయించడానికో మాత్రమే రోడ్డెక్కించాలి. అంటే పాత షెడ్డు గారు చెప్పిన కుర్రవాడి పనులను ఈ నిబంధన ఒప్పుకోదు.

వుడ్‌వర్డ్ వాసి:

అందరికీ ధన్యవాదాలు. శనివారం ఉదయం పెద్దాయన కారు కడుగుతుండగా వెళ్లి గుర్తు చూశాను. బానెట్ మీద షెవర్లే పేరు ఒక్కటే ఉంది, కింద ‘వీ’ లేదు. ఆరు సిలిండర్లదన్నమాట అని అంటే ఆయన నవ్వి, చేతిలోని గుడ్డ భుజాన వేసుకుని బానెట్ ఎత్తారు. లోపల ఉన్నది వీ-8.

తనకు పదిహేడేళ్లప్పుడు, 1968లో, ఒక టీచరమ్మ దగ్గర ఈ కారు కొన్నారట. ఆ ఎండాకాలమే ప్రమాదంలో ముందు భాగం బాగానే ఉండి వెనక నుజ్జయిన ఒక షెవర్లే ఇంపాలా నుంచి 327 ఇంజిను తీసి, అన్నదమ్ములిద్దరూ కలిసి రెండు రోజుల్లో ఇందులో దించారట. ‘వీ’ గుర్తు ఎందుకు కొని పెట్టలేదని అడిగాను. సిగ్నల్ దగ్గర పక్కన ఆగిన ఫోర్డువాడికి అది కనబడకూడదుగా, అన్నారు.

సీటు బెల్టు గారూ, ముందు చక్రాలకు ఆయన డిస్కు బ్రేకులు, రెండు గదుల మాస్టర్ సిలిండరు 1990ల్లోనే వేయించుకున్నారు. బెల్టులు కూడా ఉన్నాయి. వచ్చే ఆదివారం పక్క సీటు నాది.